ఆ రాత్రితో కథ ఆపేయకండి: హైదరాబాద్ నేరాలు, విషాదాల మీద వీడియోలు చేసే మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులారా,

“భాగ్యనగరాన్ని వణికించిన ఆ రాత్రి...” అని గొంతు బొంగురు చేసుకుని మొదలుపెట్టే వీడియోలు ఈమధ్య నా ఫోనులోకి వరసకట్టి వస్తున్నాయి. మూసీ వరద, మక్కా మసీదు, గోకుల్ చాట్, దిల్‌సుఖ్‌నగర్, గుల్జార్ హౌజ్. దొరికినవన్నీ చూస్తున్నాను. చూసి ఊరుకోలేకే ఈ ఉత్తరం.

నా గురించి ఒక మాట. ఉద్యోగ జీవితమంతా ఒక తెలుగు దినపత్రిక డెస్కులో గడిపాను. నేర వార్తలు, కోర్టు వార్తలు దిద్దడం, శీర్షికలు పెట్టడం నా పని. కాబట్టి చావుల కథలు చెప్పుకుని బతుకుతున్నారని మిమ్మల్ని దెప్పే హక్కు నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. జనం ఇవి వింటారు. వినాలి కూడా. తామున్న ఊళ్ళో ఏం జరిగిందో తెలియకుండా బతకడం కన్నా మీ నేపథ్య సంగీతం భరించడమే నయం.

నా ఫిర్యాదు వేరే. మీరు కథను ఆ రాత్రితో ఆపేస్తున్నారు. బాంబు పేలుతుంది, నీళ్ళు ముంచెత్తుతాయి, మంటలు లేస్తాయి. తర్వాత రెండు నిమిషాలు కన్నీళ్ళు, ఆ పైన “మీ అభిప్రాయం కామెంట్లలో చెప్పండి”. ఆ రాత్రి ఏ ఊళ్ళోనైనా ఒకేలా ఉంటుంది. పొగ, అరుపులు, చెప్పుల కుప్పలు, అంబులెన్సులు. ఒక ఊరికీ మరో ఊరికీ తేడా తెలిసేది ఆ తర్వాతి పదేళ్ళలో: ఎవరు విచారణ జరిపారు, ఏం తేల్చారు, ఎవరిని పట్టుకున్నారు, ఎవరిని వదిలేశారు, ఏం కట్టారు, ఏం మరిచిపోయారు. మీ వీడియోల్లో సరిగ్గా ఆ భాగమే ఉండదు.

మూసీతో మొదలుపెడతాను. మీ అందరికీ అదే ఇష్టమైన కథ కదా.

1908 సెప్టెంబరు 28. మీరు చెప్పేదంతా దాదాపు నిజమే. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిన్నాయి. నది ఒడ్డున పేటలకు పేటలు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ఆ నీళ్ళలో కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడే మిగిలాడు. చనిపోయినవారు 15,000 మంది అన్నది తరచూ కనిపించే అంచనా. మీలో కొందరు దాన్ని 50,000 చేశారు. చావుల సంఖ్య పెంచితే చూసేవాళ్ళు పెరుగుతారని ఎవరు చెప్పారో గానీ, 15,000 చాలదా?

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నదికి పూజ చేసి, చీరా కొబ్బరికాయా సమర్పిస్తే వరద తగ్గిందన్న కథ కూడా చెబుతారు. చెప్పండి. ఊళ్ళో నూరేళ్ళుగా చెప్పుకుంటున్న కథ అది, దాన్ని కాదనడానికి నేనెవరిని? కానీ ఆ కథ దగ్గరే వీడియో ముగిసిపోతే చూసిన పిల్లవాడికి వరద చీర వల్ల తగ్గిందనీ, మళ్ళీ వస్తే ఇంకో చీర ఉందనీ అనిపిస్తుంది. మరుసటి ఏడాది ఏం జరిగిందో ఎందుకు చెప్పరు?

1909లో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. బొంబాయి సర్కారు ఉద్యోగం వదిలి యూరప్‌లో పర్యటిస్తున్న మనిషి ఆయన. వచ్చి ముందు చేసిన పని లెక్క తీయడం. నగరానికి ఎగువన మూసీ పరివాహక ప్రాంతంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగిపోయాయని తేలింది. ఆ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నది ఒక్కటే పొంగి ఊరిని ముంచలేదు. ఎగువన ఒక చెరువు కట్ట తెగి కింది చెరువు మీద పడితే, అది దాని కింది దాని మీద పడింది. అలా 221 కట్టల నీళ్ళు ఒకదానికొకటి తోడై ఊరి మీదికి వచ్చాయి. ఇందులో మీకు కావలసినంత ఉత్కంఠ ఉంది. దెయ్యం సంగీతం అక్కర్లేదు, ఒక పటం చాలు.

విశ్వేశ్వరయ్య చెప్పిన మందు కూడా అంతే సూటిగా ఉంది. వరదను ఊళ్ళో ఆపలేం, ఎగువనే పట్టి ఉంచాలి. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అనేది దీన్నే) 1920కి, మూసీ ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. ఈ మధ్యలో మహబూబ్ అలీ ఖాన్ పోయాడు, ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. 1912లో నగరాభివృద్ధి బోర్డు వచ్చింది. మనమిప్పుడు ఫొటోలు తీసుకునే నది ఒడ్డు భవనాలు, హైకోర్టూ ఉస్మానియా ఆసుపత్రీ, అన్నీ ఆ వరద తర్వాత లేచినవే. గండిపేట నీళ్ళు తాగి పెరిగామని గొప్పగా చెప్పుకునేవాళ్ళలో ఎంతమందికి అది వరద భయంతో కట్టిన చెరువని తెలుసు? మంచినీళ్ళ చెరువు కావడం తర్వాతి సంగతి.

ఇంకా ఉంది. 1996లో అప్పటి ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చింది. ఈ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు కూడదంది. ఆ పరిధిలో ఫ్యాక్టరీ పెట్టుకుంటామన్న ఒక నూనెల కంపెనీ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2000 డిసెంబరులో కోర్టు మినహాయింపు కుదరదంది. రెండు నగరాల తాగునీటి విషయంలో ప్రమాదం జరిగాక చూద్దామనడం పనికిరాదన్నది ఆ తీర్పు సారం. 2022లో ఇంకో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69 నంబరు జీవో ఇచ్చింది. ఈ రెండు కాగితాలూ మూసీ వరద కథలో భాగమే. 1908ని తలుచుకుని కన్నీళ్ళు పెట్టించే వీడియోల్లో ఒక్కదాంట్లోనైనా 111 అన్న అంకె వినిపించలేదు నాకు.

ఈలోగా నీళ్ళు రావడం మానలేదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు. పాతబస్తీ పక్కన పల్లె చెరువు కట్ట తెగింది, కొద్ది రోజులకే గుర్రం చెరువు తెగింది. అదే ఏడాది జూలైలో, 1908లో జనం చెట్టెక్కి బతికిన ఆ ఉస్మానియా ఆవరణలోనే, ఆసుపత్రి వార్డుల్లో మోకాళ్ళ దాకా మురుగునీళ్ళు నిలిచాయి. 2025 సెప్టెంబరు చివరి వారంలో మూసీ మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. తేదీ చూసుకోండి, 1908 వరద వచ్చిన వారమే. తెగిన చెరువు కట్ట 2020లో కూడా తెగిన చెరువు కట్టే. కింద కాలనీలు వెలిశాయన్నదే తేడా.

అన్నట్టు, శాపాల మీద మీకు ప్రత్యేకాభిమానం ఉంది. హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహం మీద మీలో ఒకరు చేసిన వీడియోలో “విగ్రహం ప్రాణాలు కోరింది” అన్నారు. వందల టన్నుల ఏకశిలను బల్లకట్టు మీద తీసుకెళ్తుంటే 1990 మార్చి 10న అది ఒరిగి నీళ్ళలో పడింది. మనుషులు చనిపోయారు. రెండేళ్ళకు పైగా బుద్ధుడు చెరువు అడుగునే పడుకుని, 1992 డిసెంబరు 1న పైకి లేచి పీఠమెక్కాడు. ఇందులో కోరినవాళ్ళెవరైనా ఉంటే ఆ బరువును ఆ బల్లకట్టు మీదికి ఎక్కించమన్నవాళ్ళే గానీ బుద్ధుడు కాదు. పాపం, ఆయన ఏమీ కోరవద్దని చెప్పిన మనిషి.

ఇక బాంబుల సంగతి. ముందుగా అంకెల గురించి మా డెస్కు రహస్యం ఒకటి చెబుతాను, మీకు పనికొస్తుంది.

ఏదైనా పెద్ద ఘటన జరిగిన రాత్రి పత్రికలో ఒకటే అంకె ఉండదు. జిల్లాలకు వెళ్ళే ఎడిషన్ ముందుగా ముగిసిపోతుంది. అందులో ఒక సంఖ్య ఉంటుంది. అర్ధరాత్రి దాటాక వెళ్ళే సిటీ ఎడిషన్‌లో ఇంకొకటి. ఒకే మనిషిని ముందు ఒక ఆసుపత్రికీ అక్కడి నుంచి ఇంకో ఆసుపత్రికీ తరలిస్తే రెండు జాబితాల్లోనూ పేరుంటుంది. పేరు రెండు రకాలుగా రాసి ఉంటే ఇద్దరు మనుషులవుతారు. వారం తర్వాత ఐసీయూలో పోయిన మనిషి మొదటి రోజు అంకెలోకి ఎప్పటికీ రాడు. అతని చావు లోపలి పేజీలో సింగిల్ కాలమ్ అవుతుంది. మీరు ఇంటర్నెట్‌లో దొరికిన మొదటి రోజు పేపరు బొమ్మ చూపించి సంఖ్య చదివేస్తున్నారు. అది ఎడిషన్ వేళకు తెలిసిన లెక్క మాత్రమే. చార్జిషీటులో, తీర్పులో ఉన్న అంకె తీసుకోండి.

అంకె తప్పితే ఏం పోయింది అంటారేమో. మక్కా మసీదు చూడండి. 2007 మే 18, శుక్రవారం మధ్యాహ్నం. నమాజుకు వచ్చినవాళ్ళు వజూ చేసుకునే, అంటే ప్రార్థనకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే చోటికి దగ్గర్లో బాంబు పేలింది. మీ వీడియోలన్నిటిలోనూ “పేలుడులో 14 మంది మృతి” అని ఉంటుంది. పేలుడులో పోయింది 9 మంది. మిగిలిన ఐదుగురు ఆ తర్వాత బయట గొడవ జరుగుతుంటే పోలీసులు జరిపిన కాల్పుల్లో పోయారు. రెంటినీ కూడి ఒకటి చేసేస్తే ఆ ఐదుగురినీ ఎవరు కాల్చారన్న ప్రశ్నే మాయమైపోతుంది. ఒక కూడికతో ఐదు చావుల కారణం మారిపోయింది. కాల్పుల మీద జస్టిస్ వి.భాస్కరరావు కమిషన్ వేశారన్న విషయం మీ వీడియో చూసినవాడికి తెలిసే దారే లేదు.

ఆ పైన జరిగింది ఇంకా పెద్దది. పేలుడు తర్వాత పాతబస్తీ కుర్రాళ్ళను పదులకొద్దీ పట్టుకెళ్ళారు. చిత్రహింసలు పెట్టారని రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది నివేదిక ఇచ్చారు. జైళ్ళపాలైనవాళ్ళు తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. 2011లో ప్రభుత్వం వాళ్ళకు పరిహారం ప్రకటించింది. పోలీసులు పొరపాటున పట్టుకున్నారని సర్కారే డబ్బు రూపంలో ఒప్పుకోవడం మన దగ్గర ఎంత అరుదో కోర్టు వార్తలు చదివేవాళ్ళకు తెలుసు. తర్వాత హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వునే కొట్టేసింది. దర్యాప్తు స్థానిక పోలీసుల నుంచి సీబీఐకి, అక్కడి నుంచి జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏకి పోయింది. నిందితులు మారారు, ఆరోపణ దిశ పూర్తిగా తిరిగింది. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు, విచారణ ఎదుర్కొన్న ఐదుగురిపైనా నేరం రుజువు కాలేదంటూ కొట్టేసింది. తీర్పు చెప్పిన న్యాయమూర్తి అదే రోజు రాజీనామా సమర్పించారు.

అంటే చట్టం లెక్కలో ఆ బాంబు పెట్టింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. మీలో కొందరు ఒక మతం వాళ్ళు పెట్టారని, ఇంకొందరు మరో మతం వాళ్ళు పెట్టారని గట్టిగా చెబుతున్నారు. ఇరువైపులా చూసేవాళ్ళున్నారు కాబట్టి ఇరువైపులా గిరాకీ ఉంది. నేను కోరేది చిన్నది: తీర్పులో ఏముందో చదివి చెప్పండి. “రుజువు కాలేదు” అన్న మాట పలకడానికి మీకు ఎందుకంత ఇబ్బంది?

2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తున్నవాళ్ళ మధ్య ఒక బాంబు, కొన్ని నిమిషాల తేడాలో కోఠీలోని గోకుల్ చాట్ దగ్గర ఇంకొకటి. 42 మంది. లుంబినీలో పోయినవాళ్ళలో విహారయాత్రకని మహారాష్ట్ర నుంచి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. ఆ కేసు తేలడానికి పదకొండేళ్ళు పట్టింది. చర్లపల్లి జైలు ఆవరణలోనే కోర్టు నడిపారు. 2018 సెప్టెంబరులో ఇద్దరికి ఉరి, ఆశ్రయమిచ్చిన ఒకరికి యావజ్జీవం, ఇద్దరు నిర్దోషులు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాపు దగ్గర, మిర్చి బజ్జీల సెంటరు దగ్గర సైకిళ్ళకు కట్టిన బాంబులు పేలి 18 మంది పోయిన కేసులో 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష పడింది. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఒకే ఊళ్ళో ఆరేళ్ళ వ్యవధిలో జరిగిన మూడు కేసుల్లో ఒకటి పూర్తిగా వీగిపోయింది, ఒకటి సగం నిలిచింది, ఒకటి పూర్తిగా నిలిచింది. ఎందుకని? సాక్ష్యం సేకరణలో తేడా ఎక్కడుంది? ఈ మూడు తీర్పులూ ముందేసుకుని ఒక్క వీడియో చేయండి. నేను నాకు తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపుతాను, మాట ఇస్తున్నాను.

ఇప్పుడు అన్నిటికన్నా కోపం తెప్పించిన సంగతి.

2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలిపై జరిగిన ఘోరం. ఆమె పేరు వాడకూడదనే పోలీసులు ‘దిశ’ అని పేరు పెట్టారు. మీలో ఎంతమంది ఆమె ఫొటోను వీడియో ముఖచిత్రంగా పెట్టుకున్నారో లెక్కపెట్టడం మానేశాను. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం పాత శిక్షాస్మృతిలో 228-ఎ సెక్షన్ కింద నేరం, కొత్త న్యాయ సంహితలో 72 కింద నేరం. బాధితురాలు చనిపోయినా సరే. నేరాల మీద వీడియో చేస్తూ ఆ వీడియోతోనే నేరం చేస్తున్నారు. చట్టం సంగతి అటుంచండి, ఆ ఇంట్లోవాళ్ళకు ఫోనులున్నాయి. వాళ్ళ ఫోనులోనూ మీ ముఖచిత్రం వస్తుంది.

ఆ కథను మీరందరూ డిసెంబరు 6 తెల్లవారుజామున, చటాన్‌పల్లి వంతెన కింద నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోవడంతో ముగిస్తున్నారు. పూలు, మిఠాయిలు, జేజేలు. తర్వాతేం జరిగింది? అదే నెలలో సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్.సిర్పూర్కర్ నేతృత్వంలో కమిషన్ వేసింది. 2022 మేలో ఆ నివేదిక బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, ఆయుధాలు లాక్కుని పారిపోబోయారన్న కథనం నమ్మదగ్గది కాదనీ, నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లనీ అందులో ఉంది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫార్సు చేసింది. మీరు ఆ నివేదికతో ఏకీభవించనక్కర్లేదు. ఆ ఎన్‌కౌంటర్‌ను సమర్థించేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, పండుగ భోజనాల దగ్గర ఇప్పటికీ వాదించుకుంటాం. కానీ దేశ అత్యున్నత న్యాయస్థానం వేయించిన విచారణ ఒకటుందని చెప్పకుండా, పూలు చల్లిన దృశ్యంతో తెర దించేయడం మాత్రం కథ చెప్పడం కాదు.

అగ్నిప్రమాదాల దగ్గరికొస్తే మీకు ఒక ప్రత్యేక సలహా ఉంది. మంటలు చూపించకండి. భవనం చూపించండి.

2022 మార్చి 23, బోయిగూడ. కింద తుక్కు గోడౌను, పైన కూలీల పడక. దిగడానికి ఒక మెలికల మెట్లు. బీహార్ నుంచి వచ్చిన 11 మంది నిద్రలోనే పోయారు, ఒక్కడు దూకి బతికాడు. అదే ఏడాది సెప్టెంబరు 12, సికింద్రాబాద్. కింద విద్యుత్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. 8 మంది. 2023 నవంబరు 13, నాంపల్లి బజార్‌ఘాట్. కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. 9 మంది. 2025 మే 18, చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్. కింద దుకాణాలు, పైన ఒక ఉమ్మడి కుటుంబం, లోపలికీ బయటికీ ఒక్కటే సన్నటి దారి. 17 మంది, అందులో 8 మంది పిల్లలు. ఈ నాలుగింటిలో 45 మంది. మధ్యలో స్వప్నలోక్ కాంప్లెక్సు ఉంది, 2023 మార్చి 16. అక్కడ ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు.

నాలుగు వేర్వేరు వీడియోలుగా చూస్తే ఇవి నాలుగు దురదృష్టాలు. పక్కపక్కన పెడితే ఒకే భవనం నాలుగుసార్లు కాలినట్టు ఉంటుంది: కింద సరుకు, పైన మనుషులు, మధ్యలో ఒకే మెట్లదారి. ఈ ఊళ్ళో అలాంటి భవనం లేని వీధి చూపించండి చూద్దాం. మీ దగ్గర డ్రోన్లున్నాయి, మంచి కెమెరాలున్నాయి, గ్రాఫిక్స్ చేసే కుర్రాళ్ళున్నారు. మాకు ఆ రోజుల్లో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో దొరికితే గొప్ప. ఏడుస్తున్న తల్లి ముఖం మీద కెమెరా పెట్టే బదులు ఆ మెట్ల వెడల్పు కొలిచి చూపించండి. మీ ప్రేక్షకుల్లో సగంమంది అద్దె ఇళ్ళలో, హాస్టళ్ళలో ఉంటారు. వాళ్ళు వీడియో ఆపేసి తమ మెట్లు చూసుకుంటారు.

నెత్తురు లేని నేరాలను మీరు ముట్టుకోరు. 2001లో కృషి బ్యాంకు కుప్పకూలినప్పుడు పింఛను డబ్బులు దాచుకున్న ముసలివాళ్ళు మూసిన షట్టర్ల ముందు రోజుల తరబడి నిలబడ్డారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన ఉత్తరంతో ఏడువేల కోట్ల రూపాయల బూటకం బయటపడింది. ఆ ఒక్క రోజులో షేరు విలువతో పాటు ఎన్ని ఇళ్ళ పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయో. 2015 ఏప్రిల్‌లో పదిమందికి ఏడేళ్ళ జైలుశిక్ష పడింది, నెల తిరిగేసరికి పైకోర్టు ఆ శిక్షను నిలిపేసి బెయిలిచ్చింది. ఇందులో మంటల్లేవు, కానీ దెబ్బ తిన్నవాళ్ళు వేలమంది. చెప్పడం కష్టమే. కష్టమైనదాన్ని కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

సరదాగా చెప్పుకోదగ్గ నేరం కావాలంటే ఒకటుంది, మనసారా చెప్పుకోండి. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి ఇద్దరు వెంటిలేటర్ గుండా దిగి బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, చెంచా పట్టుకుపోయారు. పది రోజుల్లోపే దొరికిపోయారు. ముంబైలో ఒక పెద్ద హోటల్లో దిగి, వాళ్ళలో ఒకడు ఆ బంగారు గిన్నెలో అన్నం తిన్నాడని పోలీసులే చెప్పారు. ఎవరికీ గాయమైనా కాలేదు, సరుకు మొత్తం తిరిగొచ్చింది. దీని మీద ఎంత సంగీతం వేసుకున్నా అభ్యంతరం లేదు.

చివరిగా, ఎక్కడ వెతకాలో చెబుతాను. ఎందుకంటే మీలో చాలామంది ఒకరి వీడియో చూసి ఇంకొకరు చేస్తున్నారని తప్పులను బట్టే తెలిసిపోతోంది. ఒకరు ముసల్లం జంగ్ వంతెనను “ముస్లిం జంగ్” అంటే మిగతా నలుగురూ అదే అన్నారు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. నిజాం కాలపు దస్త్రాలు ఫారసీలో, ఉర్దూలో ఉంటాయి, చదివి చెప్పే మనిషిని వెంట తీసుకెళ్ళండి. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, ఒకప్పటి ఆసఫియా. మూసీ వరద గురించి చదవడానికి మూసీ ఒడ్డునే ఉన్న గ్రంథాలయం కన్నా మంచి చోటు లేదు. పాత పత్రికల కట్టలు అడగండి, దుమ్ముకు ముక్కు కట్టుకోండి. తీర్పులు కోర్టుల వెబ్‌సైట్లలో కేసు నంబరు కొడితే చాలావరకు దొరుకుతాయి. అగ్నిప్రమాదం తర్వాత ఇచ్చిన నోటీసులేమిటి, ఎన్ని భవనాలు తనిఖీ చేశారు అని సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగవచ్చు. జవాబు రాకపోతే, రాలేదన్నదే వీడియోలో చెప్పండి.

వచ్చే సెప్టెంబరు 28న మూసీ మీద వీడియో ఎలాగూ చేస్తారు. ఈసారి చింతచెట్టు దగ్గర మొదలుపెట్టి గండిపేట కట్ట దాకా వెళ్ళండి. అక్కడి నుంచి 84 గ్రామాల్లో ఏదో ఒక ఊరికి వెళ్ళి, కట్టిన వెంచర్ల బోర్డులు చదవండి. పొలం అమ్ముకున్న రైతునూ అడగండి, అమ్ముకోలేక 111 జీవోను తిట్టుకున్న రైతునూ అడగండి. వాళ్ళ బాధలోనూ న్యాయం ఉంది. 69 జీవో కాపీ నా దగ్గర ఉంది. కోర్టు భాష, సర్కారు భాష అర్థం కాకపోతే ఫోను చేయండి, కూర్చుని చదువుదాం. టీ ఖర్చు నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపసంపాదకుడు,
హైదరాబాద్